అమ్మ ‘ఇజడ్’ అంటే తప్పేంటి?

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం వేరే విషయం అనుకున్నాం గానీ, మొన్న ఇక్కడ డాలస్‌లో జరిగింది ఫోన్లో చెప్పగానే అక్క ఊరుకోలేదు, దీని మీదే మాట్లాడాలంది. అమ్మ మా దగ్గర మూడు నెలలు ఉండడానికి వచ్చింది కదా, మందుల షాపుకి తీసుకెళ్లాను. ఏం మందులు వాడుతున్నారని కౌంటర్లో అమ్మాయి అడిగింది. అమ్మ పర్సులోంచి మాత్రల అట్ట తీసి, కళ్లజోడు సర్దుకుని, పాంటోప్రజోల్ స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చదివింది. “పీ, ఏ, యన్, టీ, ఓ, పీ, ఆర్, ఏ, ఇజడ్...” అక్కడ ఆ అమ్మాయి టైప్ చెయ్యడం ఆపేసింది.

అక్క: ఆవిడకి “ఈజ్ దట్” అని వినిపించి ఉంటుంది.

తమ్ముడు: అదే! అమ్మ ఏదో అడుగుతోందనుకుని ఆవిడ ఎదురుచూస్తోంది, ఆవిడ రాసుకుంటోందనుకుని అమ్మ ఆగింది. పక్కన మావాడు, ఎనిమిదేళ్లు, పకపకా నవ్వి “నానమ్మా, అది జీ” అన్నాడు. ఇక్కడ అమెరికాలో జెడ్‌ని అలాగే అంటారు కదా. ఇంటికొచ్చేదాకా అమ్మ నోరు విప్పలేదు.

అక్క: వింటుంటేనే కష్టంగా ఉందిరా. తెనాలిలో అమ్మ చదివిన బళ్లో మాస్టార్లు, పిల్లలు అందరూ ఇజడ్ అనేవాళ్లే. పైగా ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. లండన్‌లో సామ్యూల్ జాన్సన్ 1755లో నిఘంటువు వేశాడు కదా, దాని వ్యాకరణం భాగంలో అక్షరాల పేర్లు ఇచ్చినచోట, చివరి అక్షరానికి జెడ్ అని రాసి, ఎక్కువమంది ‘ఇజ్జర్డ్’ అంటారని కూడా రాశాడు. మీవాడు నేర్చుకున్న ‘జీ’కి ఊపొచ్చింది ఏబీసీడీ పాటతో. ఆ పాట బోస్టన్‌లో 1835లో అచ్చయింది, చివర్లో ‘మీ’ అన్నదానికి ‘జీ’తో ప్రాస కుదిరింది. ఇంగ్లండులో ఇప్పటికీ జెడ్డే. ఇందులో ఎవరిది తప్పు చెప్పు?

తమ్ముడు: అయితే ‘హెచ్’ సంగతో? మా ఆఫీసులో అందరూ ‘ఎయిచ్’ అంటారు, నేను నోరు జారి ‘హెచ్’ అంటే తలెత్తి చూస్తారు.

అక్క: ఐర్లండులో ‘హెయిచ్’ అనేవాళ్లే ఎక్కువ. ఉత్తర ఐర్లండులో అయితే ఆ ఒక్క అక్షరం ఎలా పలికావన్నదాన్ని బట్టి నువ్వు కాథలిక్కువా ప్రొటెస్టెంటువా అని అంచనా వేసేవాళ్లు. ఇక అమ్మ అన్న ‘యన్’ పూర్తిగా మనదే. తెలుగులో మాట మొదట్లో ‘ఎ’ వస్తే కొంచెం ‘య’ తగులుతుంది, ‘ఒ’ వస్తే ‘వ’ తగులుతుంది. ఎవరు అని రాసి యెవరు అంటాం, ఒళ్లు అని రాసి వొళ్లు అంటాం. గోడల మీద యన్.టి.రామారావు, యం.ఎల్.ఏ అని రాసేది అందుకే. చెవికి వినిపించినట్టు రాసుకున్నాం, అంతే.

తమ్ముడు: కానీ అక్కా, ఇవన్నీ మాన్పించే ఉద్యోగం నువ్వే చేశావు కదా.

అక్క: చేశాను, హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు. కాల్ సెంటర్లలో దీన్ని ఎంటీఐ అంటారు, మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్. అమ్మభాష తగిలిన ప్రతిచోటా మార్కులు కొయ్యాలి. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకబ్బాయిని పడమర అనే ‘వెస్ట్’కి (west) ఒక ‘వ’, బనియన్ అనే ‘వెస్ట్’కి (vest) ఇంకో ‘వ’ పలకమని వారం రోజులు వేధించాను, తెలుగులో ఉన్నది ఒకటే ‘వ’ కదా, వాడికి నిద్రపట్టేది కాదు. తీరా లైవ్ కాల్స్‌లో కూర్చుంటే అవతల ఇంగ్లండు ఆవిడకి ‘వ’తో ఏ ఇబ్బందీ లేదు. ‘ఈవెంట్’ దగ్గర ఆగిపోయింది. మనం మొదటి అక్షరం ఒత్తుతాం, వాళ్లు ‘వెంట్’ని ఒత్తి ముందున్నదాన్ని తేల్చేస్తారు. హోటల్ కూడా అంతే, డెవలప్ కూడా అంతే. వాళ్లు మాటని గుర్తుపట్టేది ఆ ఒత్తుడుని బట్టి. వాడేమో పాపం అదే మాటని మూడుసార్లు ఇంకా గట్టిగా అన్నాడు. నేను నేర్పాల్సింది ఒత్తుడు, వారమంతా నేర్పింది ‘వ’. ఆ అబ్బాయికి అన్యాయం చేశాననే ఇప్పటికీ అనుకుంటాను.

తమ్ముడు: పలకడం ఒక్కటే కాదు, వాడకం కూడా ఇబ్బంది పెడుతుంది. నేను చేరిన కొత్తలో మీటింగ్‌లో “ఐ హ్యావ్ ఎ డౌట్” అన్నాను, కాలేజీలో లెక్చరర్‌ని అడిగినట్టే. నేను ప్లాన్‌ని నమ్మట్లేదనుకుని మేనేజర్ పావుగంట సర్దిచెప్పాడు. నాకు కావాల్సింది ఒక తేదీ, అంతే!

అక్క: అది మార్చుకోవాల్సిందే, ఎందుకంటే అర్థమే మారిపోతోంది. “టుడే ఇట్‌సెల్ఫ్” మాత్రం వదలక్కర్లేదంటాను. ‘ఇవాళే’లో ఉన్న ‘ఏ’ని ఇంగ్లీషులోకి మోసుకెళ్తున్నాం, విన్నవాళ్లకి అర్థమవుతూనే ఉంది. ‘కజిన్ బ్రదర్’ కూడా అంతే. పెదనాన్న కొడుకు అన్నయ్య, మేనత్త కొడుకు బావ, బావనైతే పెళ్లి కూడా చేసుకోవచ్చు, ఇద్దరినీ ఉత్త ‘కజిన్’ అనమంటే ఎలా?

తమ్ముడు: సరే, మళ్లీ మందుల షాపుకి వెళ్లాలి. అమ్మకి ఏం చెప్పను? జీబ్రాలో జెడ్ అనమంటే “జీబ్రాలో జీడిపప్పు జీయే కదరా” అంటోంది.

అక్క: నిజమే, ‘ఈ’ ముందు మన ‘జ’ అలాగే పలుకుతుంది. జీబ్రా వద్దు, జూ అనమను. జుట్టు అన్నప్పుడు ‘జు’ ఎలా అంటాం? నాలుక పళ్లకి తగిలి మెత్తగా వస్తుంది కదా, పాత పుస్తకాల్లో ‘జ’ మీద చిన్న రెండు అంకె వేసేవాళ్లు చూడు, ఆ ‘జ’. వాళ్ల జెడ్‌కి అది బాగా దగ్గర. అమ్మకి కొత్తగా నేర్పాల్సిందేం లేదు.

తమ్ముడు: ఉండు, ఇక్కడే ఉంది. అమ్మా, ఒకసారి జుట్టు అను... ఆ, ఇప్పుడు జూ అను.

అక్క: వినిపించింది, వినిపించింది! ఫోన్ మీవాడికివ్వు, ఆ ‘జుట్టు’ వాడిచేత కూడా అనిపిస్తాను.