పుల్ల ముంచిన చెయ్యి, సంతకం పెట్టిన చెయ్యి

అక్క: నమస్కారం. తిరుపతి నుంచి మళ్లీ మేమిద్దరమే. ఈ రోజు ఫ్యాను ఆపేశాం, దాని చప్పుడు వినిపిస్తోందని పోయినసారి ఉత్తరాలు రాసిన శ్రోతలు గమనించాలి. ఇక విషయానికి వస్తే, పొలం నుంచి ఎంత కర్బనం గాలిలో కలుస్తోందో రైతే లెక్క కట్టుకోవడం ఎలా?

తమ్ముడు: డీజిల్, వరి, యూరియా, పశువులు. ఈ వరసలో చెప్పాలని రాసుకున్నాం.

అక్క: డీజిల్ తేలిక. కానిచ్చేయ్.

తమ్ముడు: లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ట్రాక్టరు ఎన్ని లీటర్లు తాగిందో తెలిస్తే గుణించుకోవడమే. చిక్కంతా వరి దగ్గరే. నీళ్లు నిలిచిన మట్టికి గాలి అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ అనే వాయువును పుట్టిస్తాయి. భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కన, కిలో మీథేన్ దాదాపు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. అందుకే మడిని మధ్యమధ్య ఆరనిచ్చి తడి పెట్టమంటున్నారు.

అక్క: శ్రీకాళహస్తి వైపు చూసి వచ్చావు కదా, మడిలో నీటి మట్టం చూసే ఆ పైపు సంగతి చెప్పు.

తమ్ముడు: అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు అక్కా. కింది సగానికి రంధ్రాలు. ఆ సగాన్ని మట్టిలో దించి లోపలి బురద చేత్తో తోడేస్తారు. నేను వెళ్లేసరికి మడిలో పైకి చుక్క నీరు కనిపించడం లేదు, మట్టి సన్నగా నెర్రెలు విచ్చుతోంది. పైపులోకి తొంగిచూస్తే మాత్రం జానెడు లోపల నీళ్లు మెరుస్తున్నాయి. రైతు పుల్ల ముంచి తీసి, తడి అంటినచోట గోరు పెట్టి చూపించాడు. నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి పెడతాడు. నాటిన మొదటి రెండు వారాలూ, పూత సమయంలోనూ మాత్రం నీళ్లు నిలపాల్సిందే.

అక్క: మరి ఆ కొలత ఎక్కడ రాసుకుంటున్నాడు?

తమ్ముడు: వచ్చేసింది నీ నోటు పుస్తకం మాట.

అక్క: రాదా మరి! అమ్మ ఇరవై ఏళ్లు పాల లెక్క క్యాలెండరు మీదే రాసింది. పాల కేంద్రంలో తేడా వచ్చిన ప్రతిసారీ ఆ క్యాలెండరే గెలిపించింది.

తమ్ముడు: రాసుకోవడం లేదు. ఎవరో వచ్చి పైపును ఫోనులో ఫోటో తీసుకుని వెళతారట. నన్ను తొలిచేస్తున్నది అది కాదక్కా. అతను కౌలు రైతు. కార్బన్ క్రెడిట్ల ఒప్పందం, అంటే ఇలా తగ్గించిన వాయువుకు డబ్బిచ్చే ఒప్పందం, దాని మీద సంతకం మాత్రం భూమి యజమానిది.

అక్క: ఆగు. పుల్ల ముంచుతున్నది ఎవరు?

తమ్ముడు: కౌలు రైతే.

అక్క: డబ్బు?

తమ్ముడు: యజమాని ఖాతాకు. తనకూ కొంత ఇస్తామన్నారని చెప్పాడు.

అక్క: ఎంతో చెప్పారా?

తమ్ముడు: లేదు. కానీ ఒక మాట విను. ఆ ఒప్పందం ఏళ్ల తరబడి నడవాలి. మన రాష్ట్రంలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు పత్రం గడువు 11 నెలలు. వచ్చే ఏడు ఆ మడి ఎవరు దున్నుతారో తెలియనప్పుడు కౌలు రైతుతో ఒప్పందం ఎలా రాసుకుంటారు?

అక్క: ఆ 11 నెలల కాగితానికైనా యజమాని సంతకం కావాలి. అడిగితే పొలమే పోతుందని నోరు మెదపనివాళ్లు మన ఊళ్లోనే ఎంతమంది! టన్ను తగ్గితే ఒక క్రెడిట్ అంటారు. ఆ టన్ను దానంతట అది తగ్గిందా? మడి ఆరుతుంటే నిద్ర పట్టనిది ఎవరికి? కలుపు లేస్తే కూలి ఇచ్చేది ఎవరు?

తమ్ముడు: కలుపు మాట నిజం. నీళ్లు తీస్తే తుంగ లేస్తుంది. ఈసారి ఒక తీత అదనంగా పడిందన్నాడు.

అక్క: చూశావా! తేదీ, పైపులో నీటి మట్టం, ఆ అదనపు తీతకైన కూలి, అన్నీ అతని పుస్తకంలో అతని చేతిరాతతో ఉండాలి. రేపు వాటా అడగడానికి అదే ఆధారం.

తమ్ముడు: పుస్తకం చూపించి వాటా అడిగాడని వచ్చే ఏడు మడి ఇవ్వకపోతే?

అక్క: ...

తమ్ముడు: అక్కా?

అక్క: అది నాకు తోచలేదు. అయితే రైతు ఒక్కడు అడిగితే చాలదు. సాగుచేసేవాడి వాటా ఒప్పందంలోనే రాసి ఉండాలి. అది లేని పథకానికి పంచాయతీలో చోటు ఇవ్వకూడదు.

తమ్ముడు: అది నేనూ ఒప్పుకుంటాను. యూరియా మిగిలిపోయింది, సమయం అయిపోతోంది.

అక్క: త్వరగా చెప్పు.

తమ్ముడు: 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. మెట్ట పైరుకు వేస్తే ఆ నత్రజనిలో సుమారు ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా పోతుందని లెక్క. ఆక్సిజన్ కలవడంతో దాని బరువు ఒకటిన్నర రెట్లకు పైనే అవుతుంది. వేడెక్కించడంలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు బలమైనది. అన్నీ గుణిస్తే బస్తాకు దాదాపు 90 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. ఆరబెట్టిన వరిమడిలోనూ ఇది పెరుగుతుంది కాబట్టి, మీథేన్ తగ్గిందని యూరియా ఎడాపెడా చల్లకూడదు.

అక్క: బస్తాలైనా రాసుకుంటున్నాడా అతను?

తమ్ముడు: దుకాణం రసీదులు గుడిసె చూరులో దోపి పెట్టాడు. కొన్ని చెదలు తినేశాయి.

అక్క: పశువుల సంగతి వచ్చే వారం చెబుదాం. నువ్వు అతనికి ఫోను చెయ్యి.

తమ్ముడు: ఇప్పుడా?

అక్క: ఇప్పుడే. ఆ కొంత అంటే ఎంతో అడగమను.

తమ్ముడు: మోటారు దగ్గర ఉంటాడు, వినిపించదేమో.

అక్క: మోగనీ, చూద్దాం.