ఫైటర్ పైలట్ల సంతకం ఉన్న సినిమా స్టిల్స్: పెన్ను కంటే ముందు కాగితం చూడండి

[స్క్రీన్ మీద: ఒక కలర్ స్టిల్, మెల్లగా కింది మూలకి జూమ్]

హాయ్ అండీ అందరికీ. 1969లో ‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ అని ఒక ఇంగ్లీష్ సినిమా వచ్చింది, ఇది దాని స్టిల్, పది అంగుళాలు బై ఎనిమిది. మన థియేటర్ల లాబీల్లో గ్లాసు వెనకాల పిన్నులు గుచ్చి పెట్టేవాళ్ళు చూడండి, సేమ్ అదే సరుకు. సినిమాలో మైకేల్ కెయిన్ ఉన్నాడు, లారెన్స్ ఒలీవియే ఉన్నాడు, కానీ కలెక్టర్లు వెతికేది వాళ్ళ సంతకాల కోసం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో బ్రిటన్ ఆకాశంలో బ్రిటిష్, జర్మన్ విమానాలు తలపడ్డ ఆ పోరాటమే సినిమా కథ, అందులో నిజంగా ఫైటర్ విమానాల్లో కూర్చుని పోరాడినవాళ్ళు ఇదే కాగితం మీద పెట్టిన సంతకం కోసం.

యుద్ధంలో ఉన్నాయన సినిమా కాగితం మీద ఎందుకు సంతకం పెడతాడు అని డౌట్ రావచ్చు. ఎందుకంటే వీళ్ళలో కొంతమంది ఆ షూటింగ్‌లోనే ఉన్నారు. బాబ్ స్టాన్‌ఫర్డ్ టక్, జింజర్ లేసీ ఇద్దరూ బ్రిటిష్ పైలట్లు, వాళ్ళు టెక్నికల్ అడ్వైజర్లు, అటు జర్మన్ సైడ్ నుంచి అడాల్ఫ్ గాలాండ్. ఒకప్పుడు ఆకాశంలో ఎదురెదురు పక్షాల్లో ఎగిరినవాళ్ళు ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఒకే సెట్‌లో తిరుగుతున్నారన్నమాట. గాలాండ్ అయితే ఒక జర్మన్ ఫీల్డ్ మార్షల్ చేత నాజీ సెల్యూట్ చేయించే సీన్ దగ్గర ఒప్పుకోనని పేచీ పెట్టాడు. నిర్మాతల్లో ఒకరైన బెన్ ఫిజ్ కూడా యుద్ధంలో ఆర్.ఏ.ఎఫ్.లో, అంటే బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన పోలిష్ మనిషే. అప్పట్లో ఫైటర్ కమాండ్, అంటే బ్రిటన్ ఫైటర్ విమానాల విభాగం మొత్తాన్ని నడిపిన డౌడింగ్ 86 ఏళ్ళ వయసులో వీల్ చైర్‌లో సెట్‌కి వచ్చి చూసి వెళ్ళాడు, తెర మీద ఆయన వేషం ఒలీవియేది.

ఇక అసలు విషయం. మనోళ్ళు చాలామంది సంతకం చూడగానే లెన్స్ తీసి అక్షరాల వంపులు చూడ్డం మొదలెడతారు, నా లెక్క ప్రకారం అది రెండో పని. మొదటి పని, కాగితం ఎప్పుడు ప్రింటయింది, ఆ మనిషి ఎప్పుడు పోయాడు, ఈ రెండు డేట్లు పక్కపక్కన పెట్టుకోవడం.

[స్క్రీన్ మీద: పేర్లు, సంవత్సరాలు ఒక్కొక్కటిగా]

డౌడింగ్ పోయింది 1970 ఫిబ్రవరి 15న. లండన్‌లో ప్రీమియర్ 1969 సెప్టెంబర్ 15న. అంటే రిలీజ్‌కి వేసిన బ్రోషర్ మీద ఆయన సంతకం చేయడానికి ఉన్న టైమ్ దాదాపు ఐదు నెలలు, అదీ ముసలితనంలో. అలాంటిది ఎవరైనా చవగ్గా అమ్ముతున్నారంటే చెయ్యి జేబులోకి పోకముందే ఆగాలి. రెండు కాళ్ళూ పోయినా ఫైటర్ నడిపిన డగ్లస్ బేడర్ ఉన్నాడు కదా, ఆయన కథతో 1956లో ‘రీచ్ ఫర్ ది స్కై’ అని వేరే సినిమా తీశారు, ఆయన 1982 సెప్టెంబర్లో పోయాడు, కాబట్టి ఆ సినిమా డీవీడీ కవర్ మీద ఆయన సంతకం కనపడితే ఇంక మాట్లాడేదేముంది, దండం పెట్టి బయటికొచ్చేయడమే. టక్ 1987, లేసీ 1989, గాలాండ్ 1996. ఈ లిస్ట్ ఫోన్లో పెట్టుకోండి, సగం దొంగ సరుకు ఇక్కడే దొరికిపోతుంది. పాత పోస్టర్‌ని కొత్తగా రీప్రింట్ వేసి దాని మీద ‘ఒరిజినల్ సంతకం’ అని అమ్మేవాళ్ళు ఈ డేట్ల దగ్గరే బోల్తా పడతారు.

డేట్లు కుదిరాక అప్పుడు పెన్ను.

[స్క్రీన్ మీద: టార్చ్ వెలుతురు పక్క నుంచి, కాగితం క్లోజప్]

రూమ్‌లో లైట్ ఆపేసి టార్చ్‌ని కాగితానికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకోండి. బాల్ పెన్ను అయితే గీత వెంట సన్నటి గాడి పడుంటుంది, వెనక్కి తిప్పి వేలితో తడిమితే కూడా కొన్నిసార్లు తెలుస్తుంది. సంతకం కూడా ఫోటోతో పాటే ప్రింటయి ఉంటే లెన్స్ కింద గీత గీతలా ఉండదు, చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఇంకోటి, వీళ్ళు ఇలాంటివి సంతకం చేసేనాటికి కుర్రాళ్ళు కాదు, యాభైలు దాటి ఎనభైల దాకా వయసు, చెయ్యి కొంచెం వణికి ఉండొచ్చు. 1940 నాటి లాగ్‌బుక్‌లో, అంటే పైలట్ తను ఎగిరిన లెక్కలు రాసుకునే పుస్తకంలో ఉన్నట్టు చకచకా తేలిపోయే సంతకం 1980ల కాగితం మీద కనిపిస్తే నాకైతే అనుమానమే. సర్టిఫికెట్ ఉంది కదా అంటారు, ఆ సర్టిఫికెట్ కూడా ప్రింటర్లోంచే వస్తుంది గురూ. దానికన్నా ఫలానా ఎయిర్ షోలో పెట్టించుకున్నామని చెప్పే పాత ఫోటో, టికెట్ ముక్క, పైలట్ రాసిన ఉత్తరం, ఇలాంటివి జతగా ఉంటే వాటికి విలువ.

మన హైదరాబాద్ లింక్ కూడా ఉంది, నిజంగానే. ఆ యుద్ధంలో స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ ఫైటర్లు నడిపిన 152 స్క్వాడ్రన్ (స్క్వాడ్రన్ అంటే ఒక విమానాల దళం) పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్, నిజాం డబ్బిచ్చాడని ఆ పేరు. వాళ్ళ బ్యాడ్జ్ మీద ఉన్నది నిజాం తలపాగా! ఆ డబ్బు ఏ రైతుల శిస్తుల్లోంచి వచ్చిందో అదో పెద్ద కథ, ఇప్పుడొద్దు. నన్నడిగితే మనవాళ్ళు కొత్తగా మొదలుపెట్టేటప్పుడు టక్, బేడర్ లాంటి పెద్ద పేర్ల వెంట పడకుండా ఈ 152 వాళ్ళ సంతకాలు వెతకడం బెటర్. పెద్ద పేర్లకే దొంగ సంతకాలు ఎక్కువ, పెద్దగా పేరు లేని పైలట్ సంతకం ఫోర్జరీ చేసి ఎవడికేం మిగుల్తుంది చెప్పండి.

కొత్తవి మాత్రం ఇక రావు. 1940లో బ్రిటన్ తరఫున పోరాడిన ఆ పైలట్లలో చివరివాడు జాన్ హెమింగ్వే 2025 మార్చిలో 105 ఏళ్ళకి పోయాడు. ఉన్నవే చేతులు మారుతుంటాయి, రేట్లు పెరిగేకొద్దీ నకిలీలూ పెరుగుతాయి.

కొన్నాక ఒక్కటి చేయండి, హాల్లో ఎండ పడే గోడకి తగిలించొద్దు. స్కెచ్ పెన్ సంతకాలు వెలుతురుకి పాలిపోతాయి, బాల్ పెన్నువీ పోతాయి కాకపోతే కొంచెం టైమ్ పడుతుంది. లామినేషన్ జోలికి అస్సలు పోవద్దు. యాసిడ్ లేని కవర్లో పెట్టి ఫైల్లో దాచుకుని, గోడ మీద కావాలంటే కలర్ జిరాక్స్ తీసి ఫ్రేమ్ కట్టించుకోండి. నెక్స్ట్ వీడియోలో వేలంలో బిడ్ ఎలా వేయాలో, ఇండియాకి తెప్పించుకుంటే కస్టమ్స్ గోల ఏంటో చూద్దాం.