రెక్క విప్పని ఫుగాకు

శ్రోతలకు నమస్కారం.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పెద్దలు చెప్పగా మీలో చాలామంది వినే ఉంటారు. ఆ విమానాలు జపాన్ నుంచి ఎగిరి వచ్చినవి కావు. బంగాళాఖాతంలోకి చొచ్చుకొచ్చిన విమానవాహక నౌక మీది నుంచి లేచినవి. మరి పసిఫిక్ మహాసముద్రానికి అవతల ఉన్న అమెరికాను కొట్టాలంటే?

నౌకలతో పని లేకుండా ఒకే విమానంతో అది సాధించాలనుకున్నాడు నకజిమా చికుహెయి. నౌకాదళంలో పనిచేసి బయటికి వచ్చి, సొంతంగా విమానాల సంస్థ పెట్టినవాడు. ఆయన తలపెట్టిన బాంబరు పేరు ఫుగాకు. ఫుజీ పర్వతానికే అది మరో పేరు. ఆరు ఇంజన్లు, ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 63 మీటర్ల రెక్కలు. అమెరికా వారి భారీ బాంబరు బి-29కి 43 మీటర్లే. జపాన్‌కు ఉత్తరాన ఉన్న కురిల్ దీవుల నుంచి బయలుదేరి, అమెరికా మీద బాంబులు వేసి, వెనుదిరగకుండా అట్లాంటిక్ కూడా దాటి, జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో దిగాలన్నది పథకం.

కాగితం మీద అంతా కుదిరింది. చిక్కంతా ఇంజన్ దగ్గర వచ్చింది. ఒక్కొక్కటి 5,000 హార్స్‌పవర్ ఇవ్వాలి. బి-29 ఇంజన్ ఇచ్చేది 2,200. అందుకని 18 సిలిండర్ల ఇంజన్లు రెండింటిని ముందొకటి వెనకొకటిగా కలిపారు. మొత్తం నాలుగు వరసల సిలిండర్లు. అవి చల్లబడేది గాలితోనే. ముందు వరసలను తాకి వేడెక్కిన గాలే వెనక వరసలకు అందుతుంది. మండే పొయ్యి ముందు నిలబడి విసనకర్ర విసురుకుంటే చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజన్ కుదుటపడక ముందే యుద్ధం ఇంటి గడపకు వచ్చింది. 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరాన దిగాయి. జూలైలో పసిఫిక్‌లోని సైపాన్ దీవి అమెరికా వశమైంది. అక్కడి నుంచి బి-29లకు జపాన్ అందుతుంది. ఇక జపాన్‌కు కావలసింది తన ఆకాశాన్ని కాచుకునే యుద్ధవిమానాలు. ఫుగాకును ఆ ఏడాదే రద్దు చేశారు. ఒక్క విమానం కూడా పూర్తి కాలేదు. నాకు ఆ ఇంజనీర్ల నేర్పు మీద గౌరవం ఉంది. అయినా ఆ బాంబులు పడవలసిన ఊళ్లను తలచుకుంటే, అది ఎగరనందుకు మనసు తేలికపడుతుంది.

నవంబర్ 24న సైపాన్ నుంచి లేచిన బి-29లు టోక్యో మీదికి వచ్చాయి. వాటి గురి ముసషినోలోని నకజిమా ఇంజన్ల కర్మాగారమే.

దానికి దగ్గర్లోని మితకాలో నకజిమా పరిశోధనశాల భవనం మాత్రం నిలిచింది. యుద్ధానంతరం అక్కడ అంతర్జాతీయ క్రైస్తవ విశ్వవిద్యాలయం వెలిసింది. ఆ భవనంలో ఇప్పుడు తరగతులు నడుస్తున్నాయి.