నక్షత్రం లేని ప్రశ్న
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం. వెనక వరసల్లో నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

చట్టసభల గురించి ఏదైనా చెప్పమన్నారు. చట్టసభ అనగానే మన కళ్ల ముందు మెదిలేది టీవీలో చూసిందే. వెల్‌లోకి దూసుకెళ్లడం, కాగితాలు చింపి ఎగరేయడం, మైకు కట్, సభ వాయిదా. వాటి జోలికి నేను పోను. లోక్‌సభ సమావేశాలు జరిగే రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు దాటాక, సభలో ఎంత రభస జరిగినా సరే, సభ్యుల ప్రశ్నలకు రెండు వందలకు పైగా సమాధానాలు కాగితం మీద బయటికొస్తాయి. ఎవరూ లేచి చదవరు. కెమెరా వాటి వైపు తిరగదు. నేను మాట్లాడేది ఆ కాగితాల గురించే.

సభ్యుడు ప్రశ్న పంపేటప్పుడు నోటి మాటగా జవాబు కావాలంటే దానికి నక్షత్రం గుర్తు పెడతారు. మంత్రి సభలో లేచి సమాధానం చెబుతారు, ఆ జవాబు మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేకపోతే రాతపూర్వక సమాధానం మాత్రమే వస్తుంది, అనుబంధ ప్రశ్నలకు చోటు లేదు. లోక్‌సభలో రోజుకు నక్షత్రం ఉన్నవి 20, లేనివి 230. రాజ్యసభలో 15, 160. ఆ 20లో ప్రశ్నోత్తరాల గంట గడిచేసరికి నాలుగైదుకు మించి పూర్తి కావడం కష్టం. ఏ రోజైనా సభ సాగకపోతే ఒక్కటీ పూర్తి కాదు. అయినా నక్షత్రం ఉన్న ప్రశ్నకే గ్లామర్. ఎంపీ గారి ఫొటో వస్తుంది కదా! నా దృష్టిలో మాత్రం పని జరిగేది ఎక్కువగా ఆ 230 దగ్గరే.

ఎందుకంటున్నానో చెబుతాను. నేను సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. శాసనసభ ప్రశ్నను అక్కడ ‘ఎల్‌ఏక్యూ’ అంటారు. ఎల్‌ఏక్యూ వచ్చిందంటే సెక్షన్‌లో మిగతా ఫైళ్లన్నీ పక్కకు పోతాయి. పైనుంచి ఫోను వస్తుంది, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి. ‘సాయంత్రం లోపల రిప్లై కావాలి.’ ఒకసారి సంక్షేమ హాస్టళ్లలో వార్డెన్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ఒక్కో వార్డెన్ ఎన్ని హాస్టళ్లు చూస్తున్నారో జిల్లాలవారీగా చెప్పమని ప్రశ్న వచ్చింది. చిన్న ప్రశ్న. కానీ ఆ లెక్క అప్పటిదాకా ఒక్కచోట ఎక్కడా లేదు. ఆ ప్రశ్న పుణ్యమా అని పట్టిక తయారైంది. మూడేసి హాస్టళ్లు ఒక్కరే చూస్తున్నారని కార్యదర్శి గారు ఆ పట్టికలోనే మొదటిసారి చూశారు. సమాధానం సభకు వెళ్లకముందే ఇన్‌ఛార్జి ఏర్పాట్ల మీద మీటింగ్ పెట్టారు. ప్రశ్న వేసిన సభ్యుడికి ఈ సంగతి తెలిసి ఉండదు. ప్రభుత్వం లెక్క కట్టని చోట లెక్క కట్టించడం, దాని కింద మంత్రి పేరు ఉండేలా చూడడం రాతపూర్వక ప్రశ్న చేసే అసలు పని.

ఈ హక్కు మనకు ఊరికే రాలేదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1892 కౌన్సిళ్ల చట్టంతో మొదటిసారి ప్రశ్న అడిగే వీలు దొరికింది, అదీ అనేక షరతులతో. 1893 ఫిబ్రవరి 16న భింగా మహారాజా మొదటి ప్రశ్న వేశారు. దేని గురించో తెలుసా? సామ్రాజ్యం గురించి కాదు, సైన్యం గురించి కాదు. అధికారులు ఊళ్లమీద పర్యటనకు వచ్చినప్పుడు వాళ్లకు సరుకులు ఇచ్చుకోలేక పల్లెల్లోని చిల్లర దుకాణదారులు పడుతున్న ఇబ్బందుల గురించి. మహారాజు గారు అడిగిన ప్రశ్నే అయినా అందులో కిరాణా కొట్టు మనిషి కనబడతాడు. అప్పట్లో వచ్చిన జవాబుకు మరో ప్రశ్న వేసే దిక్కు లేదు. 1909 సంస్కరణల్లో ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రం అనుబంధ ప్రశ్న హక్కు వచ్చింది, 1919 తర్వాత మిగతా సభ్యులకూ ఇచ్చారు.

స్వతంత్రం వచ్చాక దీని బలం ఎంతో తెలిసిన సందర్భం 1957. ఎల్‌ఐసీ పుట్టి ఏడాది అయింది. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఆ ప్రజల సొమ్ము కోటి రూపాయలకు పైగా పెట్టారన్న విషయం మీద సభలో ప్రశ్నలు వచ్చాయి. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి మొదట్లో పొడిపొడిగా జవాబిచ్చారు. ఫిరోజ్ గాంధీ ఆ జవాబులనే పట్టుకుని డిసెంబరులో సభలో చర్చకు తెచ్చారు. ఆయన అధికార పక్షం సభ్యుడు, పైగా సాక్షాత్తూ ప్రధానికి అల్లుడు. స్పీకర్ కుర్చీలో ఉన్నది మన తిరుచానూరు మనిషి, మాడభూషి అనంతశయనం అయ్యంగార్. దాని మీద వేసిన చాగ్లా కమిషన్ బహిరంగంగా విచారించింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి రాజీనామా చేశారు. అధికార పక్షం వాళ్లు కష్టమైన ప్రశ్న వేయడం ఇప్పుడు అరుదైపోయింది. ‘మా ప్రభుత్వం చేసిన ఘనకార్యాల వివరాలేమిటి?’ అని అడిగించుకునే ప్రశ్నలే ఎక్కువగా చూస్తున్నాం. ఆ జవాబుల్లోనూ ఒక్కోసారి పనికొచ్చే అంకె దొరుకుతుందనుకోండి, అది వేరే సంగతి.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి కాస్త వివరంగా చెబుతాను. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి కోవిడ్ రోగులు చనిపోయారు. 11 మంది అని అధికారులే ప్రకటించారు. ఆ జూలై 20న రాజ్యసభలో కేంద్ర ఆరోగ్య శాఖ సహాయ మంత్రి భారతీ ప్రవీణ్ పవార్ రాతపూర్వక సమాధానం ఇచ్చారు. ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకించి నివేదించలేదన్నది దాని సారాంశం. ఆక్సిజన్ అందక ఎవరూ చావలేదని ప్రభుత్వం చెప్పిందంటూ దేశమంతా మండిపడింది. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. ఎవరూ చనిపోలేదని అందులో లేదు. మాకు రాష్ట్రాలు చెప్పలేదని ఉంది. ఆరోగ్యం రాష్ట్రాల విషయమని కూడా ఉంది. అంటే బంతి రాష్ట్రాల కోర్టులో పడేశారు. గొడవ పెద్దదయ్యాక రాష్ట్రాలను మళ్లీ అడిగారు. ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జవాబు పంపింది, మర్నాడు అది రాజ్యసభకు వచ్చింది. మే 10న రుయాలో వెంటిలేటర్ల మీద ఉన్న కొందరు చనిపోయారని, వాళ్లకు ఇతర జబ్బులూ ఉన్నాయని, 10 కిలోలీటర్ల ట్యాంకు నింపడానికీ బ్యాకప్ మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి ఆక్సిజన్ ఇచ్చే ఏర్పాటు) ఆన్ చేయడానికీ మధ్య ఆలస్యమై పైపుల్లో ప్రెషర్ తగ్గిందని ప్రాథమిక నివేదిక సూచిస్తోందని అందులో ఉంది.

మూడు వారాల్లో ‘నివేదించలేదు’ అన్నచోట ట్యాంకు సామర్థ్యంతో సహా వివరం వచ్చింది. చనిపోయినవాళ్లు తిరిగిరారు, నిజమే. ఆ కుటుంబాల చేతికి మాత్రం ప్రభుత్వం కాదనలేని కాగితం దొరికింది. ఒక్కసారి అడిగి ఊరుకుంటే అది దొరికేది కాదు.

విశాఖ ఉక్కు సంగతి ఇంకోరకం. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాత నెలంతా ‘అంతా అమ్మరు, కొంతే అమ్ముతారు, రాష్ట్రానికి వాటా ఉంటుంది’ అని రకరకాల మాటలు తిరిగాయి. మార్చి 8న ఎంపీ ఎం.వి.వి. సత్యనారాయణ ప్రశ్నకు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ రాతపూర్వకంగా జవాబిచ్చారు: నూటికి నూరు శాతం ఉపసంహరణ, రాష్ట్ర ప్రభుత్వానికి అందులో ఈక్విటీ వాటా లేదు. ఆ సాయంత్రమే కూర్మన్నపాలెంలో కార్మికులు హైవే ఎక్కారు. ఊహాగానాలన్నిటికీ ఒక్క పేజీ కాగితం తెరదించింది. పోలవరం విషయంలోనూ అంతే. 2013-14 ధరల్లో సాగునీటి భాగం అంచనా వ్యయం 20,398.61 కోట్లు, 2017-18 ధరల్లో మొత్తం ప్రాజెక్టుది 55,548.87 కోట్లు అనే అంకెలు పార్లమెంటు సమాధానాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. టీ కొట్టు దగ్గర వాదించుకునేవాళ్లు ముందు అవి చదువుకుంటే సగం వాదన తగ్గుతుంది.

తప్పించుకునే దారులు లేవా అంటే బోలెడు. మన శాసనసభ జవాబుల్లో ఎక్కువగా కనబడేది ‘(అ) లేదండి. (ఆ) ఉత్పన్నం కాదు’. రెండోది ‘సమాచారం సేకరిస్తున్నాం’. మూడోది అన్నిటికన్నా గడుసుది, ‘అలాంటి లెక్కలు నిర్వహించడం లేదు’. 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేసి, రాతపూర్వక ప్రశ్నలు మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు బయల్దేరి చనిపోయిన వలస కార్మికులెందరని అడిగితే, ఆ లెక్క లేదని కార్మిక శాఖ చెప్పింది. లెక్కే లేనప్పుడు పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదంది. మరుసటి ఏడాది శీతాకాల సమావేశాల్లో, ఢిల్లీ సరిహద్దుల్లో ఉద్యమంలో చనిపోయిన రైతుల సంగతి అడిగితే వ్యవసాయ శాఖదీ అదే పాట. విచిత్రమేమంటే, అంతకు కొద్ది రోజుల ముందే అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ అదే ఉద్యమంలో చనిపోయిన 750 మంది రైతుల కుటుంబాలకు తలా మూడు లక్షలు ఇస్తామని ప్రకటించారు. హైదరాబాద్‌లో ఉన్న లెక్క ఢిల్లీలో లేకపోయింది!

‘లెక్క లేదు’ అన్నది కూడా సమాధానమే, చిన్న సమాధానం కాదు. ఎవరి చావును రాజ్యం లెక్కపెట్టలేదో రాజ్యమే సంతకం పెట్టి చెప్పినట్టు. ఇక ‘సమాచారం సేకరిస్తున్నాం’ అన్నది నిబంధనల ప్రకారం హామీ కిందికే వస్తుంది. లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మూడు నెలల్లో హామీ నెరవేర్చాలి, లేకపోతే గడువు పెంచమని ఆ కమిటీని అడగాలి. మన ఎంపీలలో ఎంతమంది తమ ప్రశ్నలకు వచ్చిన హామీలను వెంటాడతారు?

కొందరికి ప్రశ్న విలువ బాగానే తెలుసు, రూపాయల్లో. 1951లోనే బొంబాయి బులియన్ వ్యాపారుల సంఘం దగ్గర డబ్బు తీసుకున్నారని తేలి ఎంపీ హెచ్.జి. ముద్గల్ సభ్యత్వం పోగొట్టుకున్నారు. 2005 డిసెంబరులో ప్రశ్నకు డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాలకు చిక్కిన 11 మంది ఎంపీలను రెండు సభలూ బహిష్కరించాయి. దీని మీద ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు మీరేం చేయొచ్చో చెబుతాను. ప్రశ్న వేసేది సభ్యుడే, కానీ ప్రశ్న రాసిచ్చేది ఎవరైనా కావచ్చు. రాయడంలో ఒక కిటుకుంది. ‘మన జిల్లా బడుల్లో మరుగుదొడ్లు సరిగా లేవన్నది వాస్తవమేనా?’ అని అడిగారనుకోండి, ‘లేదండి’ అంటారు, కింద అడిగినవన్నీ ‘ఉత్పన్నం కాదు’లో కొట్టుకుపోతాయి. వాస్తవమేనా అని అడగొద్దు. ‘మండలాలవారీగా నీటి కనెక్షన్ ఉన్న మరుగుదొడ్లు ఎన్ని, లేనివి ఎన్ని, గత మూడేళ్లలో నిర్వహణకు విడుదలైనదెంత, ఖర్చయినదెంత’ అని అడగండి. దీనికి లేదండి అనడం కుదరదు. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న 150 మాటలు దాటకూడదు. వాదన, వెటకారం, ఊహాజనితమైన సంగతులు ఉండకూడదు. కోర్టులో నడుస్తున్న వ్యవహారం పనికిరాదు. వెటకారం లేకుండా రాయడం మనవాళ్లకు కాస్త కష్టమే, అయినా ప్రయత్నించండి. కేంద్రానికి సంబంధించినదైతే ఎంపీ, రాష్ట్రానికి సంబంధించినదైతే ఎమ్మెల్యే. ఇది తారుమారైతే ప్రశ్న గడప దాటదు.

రాష్ట్రంలో మరో చిక్కుంది. సభ నడిచే రోజులే తక్కువ, ఆ తక్కువ రోజుల్లోనూ బహిష్కరణలు. 2017 అక్టోబరు నుంచి 2019 ఎన్నికల దాకా ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన ప్రతిపక్షం సభ మొహమే చూడలేదు. రాజకీయంగా వాళ్ల లెక్కలు వాళ్లకుండొచ్చు. కానీ వాళ్ల నియోజకవర్గాల్లో ఆసుపత్రి, చెరువు, హాస్టల్ గురించి ఆ కాలంలో సభలో ఎవరు అడగాలి? ఏ పార్టీ బహిష్కరించినా నా ఫిర్యాదు ఇదే.

సమాచార హక్కు చట్టం ఉండగా ఎంపీ దాకా ఎందుకని అడగొచ్చు. 2005 చట్టం 8వ సెక్షన్‌లో చక్కని వాక్యం ఉండేది. పార్లమెంటుకు గానీ రాష్ట్ర శాసనసభకు గానీ నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని. వ్యక్తిగత డేటా రక్షణ కోసం 2023లో చేసిన చట్టం ఆ క్లాజును తిరగరాసింది, ఆ వాక్యం ఎగిరిపోయింది. అంటే మామూలు మనిషికి, సభ్యుడికి మధ్య ఇదివరకు లేని మెట్టు ఒకటి వచ్చింది. కాబట్టి ఆ మెట్టు మీద ఉన్నవాళ్లతో అడిగించడం ఇప్పుడు ఇంకా అవసరం.

పార్లమెంటు సమాధానాలు వెబ్‌సైట్‌లో ఇంగ్లిషు, హిందీల్లో దొరుకుతాయి. మన గ్రంథాలయంలో కంప్యూటర్ ఉంది, ఇంగ్లిషు వచ్చిన పిల్లలున్నారు. మన జిల్లా పేరున్న సమాధానాలను వెతికి, తెలుగులో రాసి నోటీసు బోర్డుకు అంటించడం వారానికి ఒక పూట పని. ముందు పాత సమాధానాలు చూడండి, ఎందుకంటే ఇప్పటికే జవాబు వచ్చినదాన్నే మళ్లీ అడిగితే తిప్పి పంపుతారు. పాత సమాధానంలో ‘సేకరిస్తున్నాం’ అని ఉంటే దాని నంబరు, తేదీ రాసుకోండి. కొత్త ప్రశ్నకు నోటీసు కనీసం 15 రోజుల ముందు అందాలి, కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన వారంలోనే మీ కాగితం ఎంపీ ఆఫీసులో ఉండాలి. పీఏ చేతికిచ్చి, ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి.