గాలి అంతంతమాత్రంగా ఉన్న రోజు సెయిలింగ్ రేస్ నడపడం ఎలా?

నమస్తే అండీ. ఈ వీడియో పడవ తోలేవాళ్ల కోసం కాదు, రేస్ నడిపేవాళ్ల కోసం. అంటే కమిటీ బోటులో కూర్చుని జెండాలెత్తి, హారన్ కొట్టి, సాయంత్రానికి అందరి చేతా తిట్లు తినే మన బ్యాచ్ కోసం. ఈరోజు విషయం, గాలి నాలుగైదు నాట్లే (ఒక నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) ఉండి, అది కూడా ఉండీ లేనట్టు దోబూచులాడే రోజు సంగతి.

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను. ఒకసారి పొద్దున్నుంచి వాయిదా జెండా, అదే ఏపీ, ఎర్రటి తెల్లటి నిలువు చారలది, ఎత్తి పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాం. చుట్టూ పడవల్లోంచి "ఇంకెప్పుడండీ" అని ఒకటే గోల. మా బోటు మీద మీటర్ అయిదు నాట్లు చూపించిందో లేదో, నేను ఏపీ దించేసి స్టార్ట్ సీక్వెన్స్, అంటే స్టార్ట్‌కి ముందు వరసగా ఇచ్చే సిగ్నల్స్, మొదలెట్టేశాను. పై మార్క్ దగ్గర, అంటే గాలి వచ్చే వైపు పడవలు చుట్టి రావాల్సిన బోయ్ దగ్గర, అసలు గాలే లేదు. అక్కడ మన మార్క్ బోటు ఉంది, అందులో మనిషి ఉన్నాడు, చేతిలో రేడియో ఉంది, అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు! సగం దారిలో పడవలన్నీ కదలకుండా నిలబడిపోతే చివరికి ఎన్ జెండా ఎత్తి రేస్ రద్దు చేశాం.

అందుకే, మీ బోటు దగ్గర గాలి ఒక్కటే చూసి మోసపోకండి. స్టార్ట్ లైన్ దగ్గర ఒకరు, పై మార్క్ దగ్గర ఒకరు, కుదిరితే కింది మార్క్ దగ్గర ఇంకొకరు, అయిదు నిమిషాలకోసారి గాలి వేగం, దిక్కు రాసుకోవాలి. కాగితం మీద, పెన్నుతో. అంకెలు వరసగా కనిపిస్తే గాలి పెరుగుతోందా, చస్తోందా, అటూ ఇటూ ఊగుతోందా, ఒకే వైపు జరుగుతోందా అన్నది దానంతటదే తెలుస్తుంది. కనీసం పావుగంట పాటు అన్ని చోట్లా గాలి నిలిస్తేనే నేను ఏపీ మీద చెయ్యి వేస్తాను. కనీస గాలి ఇంత ఉండాలని మీ సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్‌లోనో (ఆ రేస్ కోసం రాసిచ్చే నియమాలు), క్లాస్ రూల్స్‌లోనో (ఆ రకం పడవల నియమాలు) రాసి ఉంటే అదే ఫైనల్, నా లెక్క కాదు.

సముద్రతీరంలో ఇంకో మాయ ఉంది. పొద్దున నేల మీంచి సముద్రం మీదకి కాస్త గాలి వస్తుంది, ఎండెక్కేకొద్దీ అది చచ్చిపోతుంది, తర్వాత కొంతసేపు ఏమీ ఉండదు, నేల బాగా వేడెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది. ఆ చచ్చిపోయే గాలిని నమ్మి రేస్ మొదలెట్టారంటే మధ్యలో ఇరుక్కున్నట్టే. ఒడ్డు వైపు పత్తి కుప్పల్లా మబ్బులు లేస్తుంటే, సముద్రం వైపు దూరంగా నీళ్ల మీద నల్లటి గీత కనిపిస్తుంటే అప్పుడు సిద్ధం అవ్వండి. ఆలస్యం చేశామని సిగ్గుపడనక్కర్లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సెయిలింగ్ మార్సెయ్‌లో పెట్టారు కదా, అక్కడ ఆగస్టు 1న జరగాల్సిన స్కిఫ్ (తేలికపాటి వేగమైన పడవలు) మెడల్ రేసులు గాలి లేక మర్నాటికి వెళ్లాయి.

ఇప్పుడు కోర్స్, అంటే పడవలు తిరగాల్సిన దారి, పొడవు. ఒక మార్క్ నుంచి ఇంకో మార్క్ దాకా ఉన్న ముక్కని లెగ్ అంటాం. ఇక్కడ చిన్న లెక్క ఉంది, స్క్రీన్ మీద చూడండి. ఎదురుగాలికి పడవ తిన్నగా వెళ్లలేదు, అటూ ఇటూ ట్యాక్ చేస్తూ వెళ్తుంది కాబట్టి 1 నాటికల్ మైలు లెగ్ అంటే నిజంగా వెళ్లేది దాదాపు 1.4 మైళ్లు. ఈ గాలికి చిన్న పడవ వేగం 2 నాట్లు అనుకుంటే ఒక్క లెగ్‌కే 42 నిమిషాలు. రెండు రౌండ్లంటే ఎదురుగాలికే 84 నిమిషాలు, ఇంక గాలివాటుగా తిరిగొచ్చే లెగ్‌లు లెక్కలోకే రాలేదు, అవి కూడా ఈ గాలిలో ఈసురోమంటూనే సాగుతాయి. మీ టైమ్ లిమిట్ 90 నిమిషాలైతే పని అయిపోయినట్టే. అదే లెగ్ 0.4 మైలుకి తగ్గించండి, 17 నిమిషాల్లో పై మార్క్ చేరతారు. కోర్స్ మరీ చిన్నదైపోయిందని ఒకరిద్దరు గొణుగుతారు, గొణగనివ్వండి.

ఆ లెక్కంతా నీళ్లు కదలనప్పుడు. 2 నాట్ల పడవకి 1 నాట్ కరెంట్, అంటే నీటి ప్రవాహం, ఎదురైతే మిగిలేది సగం. కొలవడం సులువే. లంగరు వేసిన బోటు పక్కన సగం నీళ్లు నింపిన బాటిల్ వదలండి. నిమిషంలో 15 మీటర్లు వెళ్తే కరెంట్ దాదాపు అర నాట్, 31 మీటర్లు వెళ్తే 1 నాట్. కరెంట్ పడవల్ని లైన్ మీదకి తోస్తుంటే ఎవరూ ఆగలేరు, ఆగాలనుకున్నా ఆగలేరు, జనరల్ రీకాల్ మీద జనరల్ రీకాల్, అంటే అందరినీ వెనక్కి పిలిచి మళ్లీ స్టార్ట్ చేయించడమే. అలాంటప్పుడు నేను యూ జెండా వాడతాను. స్టార్ట్‌కి ముందు ఆఖరి నిమిషంలో లైన్ దాటినవాళ్లు ఆ రేస్‌లో ఔట్, కానీ రీస్టార్ట్ అయితే మళ్లీ రావచ్చు. నల్ల జెండాకి ఆ దయ లేదు. లైన్ కూడా మామూలు కంటే కాస్త పొడవుగా వెయ్యండి, ఒకరి గాలి ఒకరు మింగకుండా.

అన్నట్టు, ఎవరూ చెప్పని సంగతి ఒకటి. గాలి లేని రోజు జెండాలు ఎగరవు! తడిబట్టలా కర్రకి అతుక్కుపోతాయి. హారన్ కొట్టాం కదా అనకండి, రూల్ ప్రకారం టైమ్ జెండాని బట్టే, హారన్ మోగకపోయినా లెక్కలోకి రాదు. అందుకే ప్రతి జెండా పై అంచుకి సన్నటి కర్ర కుట్టించుకోండి, విప్పినట్టే నిలబడుతుంది.

మార్క్ బోటు వాళ్లకి మరీ మరీ చెప్పండి, పడవల దగ్గర స్పీడ్ వద్దని. 2 నాట్లలో పాకుతున్న పడవకి మీ అల తగిలితే తెరచాపలో ఉన్న ఆ కాస్త గాలి కూడా రాలిపోతుంది. ఇలాంటి రోజే పడవని ఊపడం, తెరచాపని విసనకర్రలా ఆడించడం కూడా ఎక్కువవుతుంది. అది రూల్ 42 ప్రకారం తప్పు, దాని సంగతి జడ్జీలు చూసుకుంటారు.

గాలి పడిపోతోంది అనిపిస్తే కోర్స్ కుదించండి. ఎస్ జెండా, తెల్లటి దాని మధ్యలో నీలం చతురస్రం, రెండు హారన్లు. మొదటి పడవ ఫినిష్ లైన్ దాటకముందే ఇవ్వాలి. ఏ మార్క్ దగ్గర ముగిస్తే ఆ మార్క్‌కీ, ఎస్ జెండా ఉన్న కర్రకీ మధ్యే ఫినిష్ లైన్, అంటే ఆ జెండా ప్రతి మార్క్ బోటులో పొద్దున్నే ఉండాలన్నమాట. ముందున్న పడవ మార్క్‌కి యాభై మీటర్ల దూరంలో ఉన్నప్పుడు జెండా కోసం సంచులు వెతుక్కోవడం నేను చూశాను, చూడ్డమేంటి, వెతికాను కూడా. టైమ్ లిమిట్‌లోపు ఒక్క పడవైనా ఫినిష్ చేస్తే రేస్ నిలబడినట్టే. వెనకవాళ్లకి ఎంతసేపు ఇస్తారన్నది ఇన్‌స్ట్రక్షన్స్‌లో ముందే రాసి ఉండాలి.

ఒక్కరు కూడా చేరరని తేలిపోతే ఎన్ జెండా, మూడు హారన్లు. ఈరోజుకి ఇంక లేదు అంటే దాని కింద ఏ. తర్వాత పొడవాటి తాడు వేసి పడవల్ని వరసగా కట్టి లాక్కురండి, చిన్నపిల్లల పడవలు ముందు. ఒడ్డున ఒక మనిషి లిస్ట్ పట్టుకుని లెక్క పెడుతుండాలి, ఆ లెక్క సరిపోయేదాకా మీరు కమిటీ బోటు లంగరు ఎత్తకండి.