ముడిచమురు కాగితే ఏమవుతుంది

అందరికీ నమస్కారం. రామాయపట్నం దగ్గర భారత్ పెట్రోలియం రిఫైనరీ వస్తుందన్న మాట మొదలైన దగ్గర్నుంచి కావలిలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఒకటే ప్రశ్న: "అయితే పెట్రోలు మనకు చవకవుతుందా?" 2024 డిసెంబరులో ఆ సంస్థ బోర్డు ముందస్తు పనులకు 6,100 కోట్ల రూపాయలు ఒప్పుకున్నాక ఇంకా ఎక్కువైంది. ధర సంగతి నన్నడక్కండి, లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

ముడిచమురు బావిలోంచే కాస్త ఉప్పునీళ్లు వెంటబెట్టుకొస్తుంది. ముందు ఆ ఉప్పు కడగాలి. లేకపోతే వేడికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పుట్టి ఇనుప గొట్టాలను తినేస్తుంది. కడిగాక 350 డిగ్రీల పైచిలుకు కాచి, పొడవాటి కాలమ్ అడుగుకు వదులుతారు.

సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన జిల్లాలో ఈ పోలిక తేవడం బాగోదు గానీ, బట్టీ చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బట్టీలో ఆవిరి ఒక్కచోటే చల్లారి ఒక్క సరుకే దిగుతుంది. ఇక్కడ అడుగున మహా వేడి, పైకి పోయేకొద్దీ చల్లన. ఆవిరి ఎక్కుతూ, ఏది ఏ ఎత్తులో చల్లారాలో అక్కడి పళ్లెంలో ద్రవమై నిలుస్తుంది. కింద డీజిల్, దాని పైన కిరోసిన్, ఆపైన నాఫ్తా, అంటే పెట్రోలుకు మూలమయ్యే తేలిక నూనె. గ్యాస్ ఎక్కడా ఆగదు, కొసన బయటికొస్తుంది. వంటింటి సిలిండర్‌లో ఉండేది అందులోదే. దానికి సొంత వాసన లేదు. ఆ కంపు, లీకైతే తెలియాలని కలిపే మెర్‌కాప్టాన్‌ది.

ఇంతవరకూ వేరుచేయడమే. డీజిల్ ఒక్కటే కావాలంటే కుదరదు, 159 లీటర్ల బ్యారెల్ కాస్తే అన్నీ కలిసే వస్తాయి. అసలు పనితనం అడుగున మిగిలే మడ్డి దగ్గరుంది. ఇంకా వేడిచేస్తే మాడి బొగ్గవుతుంది. అందుకే గాలి లాగేసిన కాలమ్‌లో మళ్లీ కాస్తారు. ఒత్తిడి తగ్గితే తక్కువ వేడికే ఆవిరవుతుంది. అలా దిగిన బరువైన నూనెలోని పెద్ద అణువులను క్యాటలిస్టుతో, అంటే చర్యను వేగం చేసే పదార్థంతో, విరగ్గొడితే మళ్లీ పెట్రోలు, గ్యాస్ వస్తాయి. చివరికి మిగిలింది తారు, రోడ్లకు పోతుంది.

నాఫ్తా నుంచి బెంజీన్, దాన్నుంచి నైలాన్ తీయొచ్చు. జువ్వలదిన్నె హార్బర్‌లో పడవకు పోసే డీజిలూ, అందులో మడతపెట్టిన నైలాన్ వలా పుట్టింది ముడిచమురులోనే. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 మించకూడదు. తీసిన గంధకాన్ని పారేయరు, సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తారు. మీరు చల్లే డీఏపీ తయారీకి అది కావాలి.

ఇక ఉప్పు కడిగిన నీళ్లు. వాటిలో నూనె ఉంటుంది, శుద్ధి చేయకుండా వదలకూడదు. ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే ఆ నీళ్లు ఎక్కడ శుద్ధి చేస్తారో, ఎక్కడికి వదులుతారో గట్టిగా అడగండి. రొయ్యల చెరువులున్న ఊళ్లు మనవి.