రైట్ రైట్... హోల్డాన్!

నేను: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ విశాఖపట్నం గోపాలపట్నంలో మా బాబాయ్ వాళ్ళ డాబా మీద రికార్డు చేస్తున్నాం. మధ్యలో విమానం మోత వినిపించొచ్చు, ఎయిర్‌పోర్టు ఇక్కడికి దగ్గరే. బాబాయ్ 26 ఏళ్ళు ర్యాంపు మీద, అంటే విమానాలు ఆగే చోట, గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేశాడు. బాబాయ్, పోయిన నెల ఒక పెద్ద ఎయిర్‌పోర్టులో మా విమానం దిగి, గేటు వైపు మెల్లగా వెళ్తూ వెళ్తూ గట్టిగా బ్రేకేసింది. అడ్డంగా ఇంకో విమానం వచ్చిందని పైలట్ చెప్పాడు.

బాబాయ్: బెల్టు ఉందా నీకు?

నేను: ఉంది. కానీ నలుగురైదుగురు అప్పటికే లేచి నిలబడ్డారు. ఒకావిడ ముందు సీటుకి కొట్టుకుంది.

బాబాయ్: అదే నా బాధ, అమ్మలూ. చక్రాలు నేలకి తగలగానే ప్రయాణం అయిపోయిందనుకుంటారు. అది 60 టన్నుల బండి. తిన్నని దారిలో గంటకి 50 కిలోమీటర్ల దాకా పోతుంది. మలుపులో 20 లోపే.

నేను: అంత మెల్లగా పోయేవి ఒకదానికొకటి ఎలా తగులుతాయి?

బాబాయ్: పైలట్‌కి తన రెక్క చివర కనపడదు కనుక. రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి, ఆయన కూర్చునేది ముక్కు దగ్గర. మనూరికి వచ్చే ఏ320 విమానం ఉందే, ఆ రెక్క కొస నుంచి ఈ రెక్క కొసకి దాదాపు 36 మీటర్లు. ఆయన పసుపు గీత మీద ముందు చక్రం నడుపుతాడు. గీత మీద ఉన్నంతసేపూ రెక్కకి చోటుంటుందని లెక్క. కానీ పక్క దారిలో ఆగినవాడు తన గీతకి కొంచెం వెనకే ఆగిపోయాడనుకో, వాడి తోక ఇటు దారిలోకి వచ్చేస్తుంది. 2024 సెప్టెంబరులో అమెరికాలోని అట్లాంటాలో ఏ350 అనే పెద్ద విమానం రెక్క తగిలి ఒక చిన్న జెట్ తోక విరిగి పక్కకి పడిపోయింది. ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు.

నేను: నీ చేతి మీదుగా అలాంటిది జరగబోయిందని పిన్ని చెప్పింది.

బాబాయ్: మనూళ్ళో కాదు. వేరే ఊరికి డ్యూటీ మీద పంపినప్పుడు. రాత్రి, జోరు వాన. పుష్‌బ్యాక్ జరుగుతోంది, అంటే ట్రాక్టరు విమానాన్ని వెనక్కి తోస్తోంది. పోర్టు దగ్గర లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ దిగి "రానీ, రానీ, రైట్ రైట్, హోల్డాన్" అంటాడు చూడు, ఆ పని నాది. వింగ్ వాకర్ అంటాం. చేతిలో వెలిగే కర్రలు రెండు. వెనక చీకట్లో నిచ్చెన బండి ఒకటి గీత లోపలే వదిలేసి వెళ్ళిపోయారు. లైట్లు లేవు. నాకు కూడా బండిగా కనపడలేదమ్మా. వాన చినుకులు ఒకచోట గాల్లోనే ఆగి చిట్లుతున్నట్టు కనిపించాయి. అదేంటో తెలియలేదు, కర్రలు రెండూ తలపైన అడ్డంగా పెట్టేశాను. ట్రాక్టరు ఆగింది. వెళ్ళి చూస్తే రెక్కకీ నిచ్చెనకీ మధ్య బారెడు దూరం.

నేను: నువ్వు ఆపింది బండిని చూసి కాదన్నమాట.

బాబాయ్: అనుమానం వచ్చి. ముందు ఆపాలి, చూసుకోవడం తర్వాత. ఆ రోజు ఏమీ లేకపోయినా నన్ను ఎవరూ ఏమీ అనేవారు కాదు. మా సూపర్వైజరు అలా నేర్పాడు మాకు.

నేను: 2024లో కోల్‌కతాలో రెండు విమానాల రెక్కలు తగిలాయి కదా. ఒకటి రన్‌వే ఎక్కడానికి ఆగి ఉంది, దర్భంగా వెళ్ళాల్సిన రెండోది దాని పక్కనుంచి పోతూ తగిలింది. నేను తేదీ చూశాను, మార్చి 27. స్పెయిన్ ద్వీపం టెనరిఫ్‌లో రెండు జంబోలు గుద్దుకున్న ప్రమాదం కూడా మార్చి 27నే, 1977లో.

బాబాయ్: అవునా! ఆ తేదీ నేనెప్పుడూ కలిపి చూడలేదు. టెనరిఫ్ గురించి మాకు ట్రైనింగులో చెప్పేవారు. పక్క ద్వీపంలో బాంబు పేలిందని విమానాలన్నీ ఆ చిన్న ఎయిర్‌పోర్టుకి మళ్ళించారు. ట్యాక్సీవే, అంటే రన్‌వేకి వెళ్ళే దారి, నిండిపోయి రన్‌వే మీదే నడుచుకుంటూ పోవాల్సి వచ్చింది. పైగా డిసెంబరులో అరకు ఘాట్‌లో ఉన్నట్టు మంచు. కేఎల్ఎమ్ కంపెనీ జంబో అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలెట్టేసింది, ఎదురుగా పాన్ ఆమ్ జంబో ఇంకా రన్‌వే మీదే ఉంది. 583 మంది పోయారు. కేఎల్ఎమ్‌లో ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు, ఆ పాన్ ఆమ్ వాడు ఇంకా తప్పుకోలేదేమో అని. కెప్టెన్ తప్పుకున్నాడనేశాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు.

నేను: పెద్దాయన ముందు రెండోసారి అడగడానికి నోరు రాదు కదా.

బాబాయ్: మన ఇళ్ళల్లో అయితే అసలే రాదు. ఆ తర్వాతే, రన్‌వే వదిలి లేవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప, విమానాలకి దారి చెప్పే టవర్ వాళ్ళు "టేకాఫ్" అనే మాట వాడకూడదని పెట్టారు. చెప్పిన మాట పైలట్ తిరిగి అప్పజెప్పాలి, రీడ్‌బ్యాక్.

నేను: కానీ హనేదా ఎయిర్‌పోర్టు చూడు బాబాయ్. 2024 జనవరి 2, టోక్యో. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ భయం వేసింది. ముందు రోజు వచ్చిన భూకంపానికి సాయం సామాను తీసుకెళ్ళే కోస్ట్‌గార్డ్ విమానం అది. టవర్ "నంబర్ వన్, సీ5 హోల్డింగ్ పాయింట్ దాకా వెళ్ళు" అంది, అంటే రన్‌వేకి ముందు ఆగాల్సిన చోటు దాకా. వాళ్ళు సరిగ్గానే అప్పజెప్పారు. మాటలో తప్పు లేదు. అయినా రన్‌వే ఎక్కేసి అక్కడే 40 సెకన్లు ఉన్నారు. వెనకనుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దిగింది. అందులో 379 మందీ బయటపడ్డారు, చిన్న విమానంలో ఆరుగురిలో ఐదుగురు పోయారు.

బాబాయ్: "నంబర్ వన్" అంటే వరసలో మొదటివాడివి అని. వినేవాడు ఆత్రంలో ఉంటే "ఇక నీదే రన్‌వే" అన్నట్టు వినపడుతుంది. ఆ మాట అక్కడ కొన్నాళ్ళు ఆపేశారు కూడా. అప్పజెప్పింది నోరు, మనసు వేరేది విన్నది. అందుకే నేల మీద గుర్తులు. రన్‌వేకి ముందు నాలుగు పసుపు గీతలుంటాయి, ఇటు రెండు నిండు గీతలు, అటు రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు నుంచి అనుమతి లేకుండా దాటకూడదు. పక్కన ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెల్లో రన్‌వే నంబర్లు. మనకైతే 10, 28.

నేను: మనది నేవీ ఎయిర్‌పోర్టు కూడా కదా.

బాబాయ్: ఐఎన్ఎస్ డేగా. టవర్‌లో ఉండేది నేవీ వాళ్ళే. వాళ్ళ డోర్నియర్ విమానాలు, హెలికాప్టర్లు, మన ప్రయాణికుల విమానాలు అన్నీ ఆ మూడు కిలోమీటర్ల రన్‌వే మీదే. అందుకని ఒక్కోసారి గీత దగ్గర పదిహేను నిమిషాలు ఆపేస్తారు. లోపల జనం విసుక్కుంటారు. నాకు మాత్రం విమానం ఆ గీత దగ్గర కదలకుండా నిలబడి ఉంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో.

నేను: ప్రయాణికులకి ఇదంతా కనపడదు కదా, పాపం.

బాబాయ్: ఒకటి కనపడుతుంది. ట్రాక్టరు విమానాన్ని వెనక్కి తోస్తున్నంతసేపూ ముందు చక్రం దగ్గర ఒక పిన్ను పెడతాం, పైలట్ స్టీరింగు పనిచేయకుండా. తోయడం అయ్యాక పిన్ను తీసేసి, దూరంగా వచ్చి, దానికి కట్టిన ఎర్ర రిబ్బను కనపడేలా చెయ్యెత్తి పైలట్‌కి చూపిస్తాం. ఆయన చూసి చెయ్యి ఊపుతాడు. ఆయన ఊపేదాకా మేం చెయ్యి దించం. ఈసారి విండో సీటు దొరికితే చూడు, ఎండలో ఒక కుర్రాడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు.